మళ్ళీ చూస్తే నవ్వొస్తున్న కామెడీలు ఏవి, రానివి ఏవి?

గోదారిగట్టు
ఒకప్పుడు కడుపుబ్బ నవ్విన సినిమాలు, ప్రోగ్రాములు ఇప్పుడు మళ్ళీ పెడితే ఏవి నిలబడుతున్నాయి, ఏవి తేలిపోతున్నాయి? "ఆ రోజులే వేరండీ" లాంటి జవాబులు వద్దు. ఏ సీను, ఎందుకు అన్నది చెప్పండి.

నేను మొదలుపెడతా. 'అహ నా పెళ్ళంట' (1987) నాకు ఇప్పటికీ పేలుతోంది. కోడిని వేలాడదీసి, దాన్ని చూస్తూ ఉత్త అన్నం తినే సీను అందరూ చెప్పేదే. నాకు అంతకంటే నచ్చేది, కోట గారు ఆ లక్ష్మీపతి పాత్రని ఎక్కడా నవ్వించడానికన్నట్టు చేయకపోవడం. పేపరు చుట్టుకుని తిరిగేటప్పుడు ఆ ముఖంలో సిగ్గు వెతికినా దొరకదు. బట్టల ఖర్చు మిగిలిందన్న తృప్తి ఒక్కటే ఉంటుంది. పక్కన అరగుండు బ్రహ్మానందం పళ్ళు నూరుకుంటుంటే మనం ఇద్దరినీ చూసి నవ్వుతాం. నటుడికి తాను కామెడీ చేస్తున్నానన్న స్పృహ తెలిసిపోయిన సినిమాలే త్వరగా పాతబడుతున్నాయని నా అనుమానం.

కృష్ణలంక
గోదారిగట్టు గారూ, జంధ్యాల తీసిన సినిమా ఎత్తారు కాబట్టి సుత్తి వీరభద్రరావు గారి గురించి చెప్పకపోతే నిద్రపట్టదు. విజయవాడ ఆకాశవాణిలో పనిచేసి వచ్చిన మనిషి. ఆ తేడా వింటేనే తెలుస్తుంది. బొమ్మ ఆపేసి సౌండ్ ఒక్కటే పెట్టుకుని వినండి, ఒక్క నవ్వు కూడా తగ్గదు. ఎంత పొడుగు డైలాగైనా ఎక్కడ ఊపిరి తీసుకోవాలో, ఏ అక్షరం మీద కాలు మోపాలో ఆయనకి తెలుసు. 'నాలుగు స్తంభాలాట' (1982) తర్వాత ఆయనకీ వేలు గారికీ 'సుత్తి' ఇంటిపేరైపోయింది. 1988లో వెళ్ళిపోయారు. అంత తక్కువ కాలంలో అన్ని పాత్రలు ఎలా చేశారో!

ఇక శ్రీలక్ష్మి గారు. 'శ్రీవారికి ప్రేమలేఖ' (1984)లో సినిమా కథ చెప్పమంటే టైటిల్స్ దగ్గర్నుంచి మొదలుపెడుతుంది. అలాంటి మనిషి ప్రతి ఇంట్లో ఒకరు ఉంటారు. మా ఇంట్లో మా పిన్ని.

ఓరుగల్లు పిల్ల
జంధ్యాల సినిమాలు నాకూ ఇష్టమే. కానీ ఆ కాలం కామెడీని మొత్తంగా నెత్తిన పెట్టుకోవడం నావల్ల కాదు. ఒక మాట చెప్తాను, కోపం తెచ్చుకోవద్దు.

చిన్నప్పుడు మేం టీవీలో మా యాస వినేది రెండు చోట్లే. ఒకటి విలన్ నోట్లో, రెండోది కమెడియన్ నోట్లో. 'ప్రతిఘటన' (1985)లో కోట గారు గొప్పగా చేశారు, కాదనను. అయితే ఆ తర్వాత ఎన్నో సినిమాల్లో తెలంగాణ మాట అంటే రౌడీ మాట, లేకపోతే నవ్వుకోవడానికి పనికొచ్చే మాట అయిపోయింది. హీరో మాత్రం పుస్తకంలోలాగా మాట్లాడేవాడు. మా అమ్మ మాట్లాడినట్టే తెరమీద ఒకరు మాట్లాడితే హాలంతా నవ్వేది. జోక్ ఏమీ లేకున్నా నవ్వేది. అవి ఇప్పుడు చూస్తే నాకు నవ్వు రాదు.

'పెళ్ళిచూపులు' (2016)లో ప్రియదర్శి చేసిన కౌశిక్ పాత్ర నాకు అంత ముఖ్యం అనిపించింది అందుకే. అతను మాట్లాడేది హైదరాబాద్ పోరల మాట. నవ్వు వచ్చేది మాత్రం యాస వల్ల కాదు, అతని తిక్క వల్ల. ఆ సినిమా మాటలకి తరుణ్ భాస్కర్‌కి నేషనల్ అవార్డు కూడా వచ్చింది. 'బలగం' (2023) సంగతి ఇంకా వేరు. చావు ఇంట్లో పెట్టుకుని నవ్వించారు, ఏడిపించారు. అది తీసిన వేణు 'జబర్దస్త్' నుంచి వచ్చిన మనిషే.

ఐతే ఓకే
ఓరుగల్లు అక్కా, ఇదే మాట శ్రీకాకుళం వాళ్ళం కూడా అంటాం. మా యాస మాట్లాడితే అమాయకుడు, పనిమనిషి, లేదా ఊరి నుంచి వచ్చిన బావమరిది. అంతకు మించి ప్రమోషన్ లేదు.

అయినా నా యూజర్ నేమ్ చూస్తే తెలుస్తుంది, కొండవలస గారి భక్తుణ్ణి. విశాఖ పోర్టులో ఉద్యోగం, నాటకాలు, ఆ తర్వాత వంశీ తీసిన 'అవును వాళ్ళిద్దరూ ఇష్టపడ్డారు' (2002)తో సినిమాల్లోకి. ఆ గొంతు ఎవరూ అనుకరించకుండా ఉండలేరు, అనుకరించినవాళ్ళెవరికీ రాదు.

డల్లాస్ బాబాయ్
ఇక్కడ పుట్టిన పిల్లలతో నా తంటాలు చెప్తా. మాటల కామెడీ వాళ్ళకి అస్సలు ఎక్కదు. త్రివిక్రమ్ రాసిన 'నువ్వు నాకు నచ్చావ్' (2001) పెట్టి, భోజనాల దగ్గర వెంకటేష్ ప్రార్థన సీను రాగానే నేను సోఫా మీద దొర్లుతున్నా. వాళ్ళు సబ్‌టైటిల్ చదివి "ఓకే..." అని నా వైపు చూస్తున్నారు. జోక్ విడమరచి చెప్పడం కంటే నరకం లేదు.

పనిచేసినవి చెప్తాను. 'మాయాబజార్' (1957). నమ్మండి. ఘటోత్కచుడు శశిరేఖ వేషంలో ఉన్నప్పుడు సావిత్రి గారి నడక, ఆ భుజాలు ఎగరేయడం, మళ్ళీ గుర్తొచ్చి సిగ్గుపడటం. భాషతో పనే లేదు. మా చిన్నది ఆ నడక ఇల్లంతా నడిచింది. తర్వాత 'యమలీల' (1994). యముడు, చిత్రగుప్తుడు భూమ్మీదకొచ్చి ఐస్‌క్రీమ్‌కి బానిసలైపోవడం ఏ దేశపు పిల్లలకైనా అర్థమవుతుంది. 'రాజేంద్రుడు గజేంద్రుడు' కూడా ఏనుగు పుణ్యమా అని గట్టెక్కింది.

బకరా బ్యాచ్
శ్రీను వైట్ల సినిమాల గురించి ఎవరూ మాట్లాడరేం? 'ఢీ' (2007), 'రెడీ' (2008), 'దూకుడు' (2011). మా హాస్టల్ మొత్తం వీటి మీదే బతికింది. వాటిలో బ్రహ్మానందం చేసిన మెక్‌డోవెల్ మూర్తి, పద్మశ్రీ, చారి. మీమ్స్ అన్నీ వీటిలోంచే కదా.

కృష్ణలంక
బకరా బ్యాచ్ గారూ, మీమ్ వేరు, సినిమా వేరు. మూడూ వరసగా చూడండి, ఒక జారుడు కనపడుతుంది. 'ఢీ'లో చారి ఇరుక్కుపోయిన మనిషి. నిజం చెబితే ఒకడు చంపుతాడు, చెప్పకపోతే ఇంకొకడు చంపుతాడు. ఆ భయం మనకి తెలుసు కాబట్టి అతను నీళ్ళు నమిలిన ప్రతిసారీ నవ్వొస్తుంది. తర్వాత అదే ఫార్ములా అయింది. విలన్ ఇల్లు, అందులో దూరిన హీరో, మధ్యలో ఒక బకరా, వాడికి చెంపదెబ్బలు. 'దూకుడు' వరకు రాతలో పదును ఉంది. దాన్ని చూసి మిగతావాళ్ళు తీసినవాటిలో చెంపదెబ్బలే మిగిలాయి.

ఎమ్మెస్ నారాయణ గారికీ ఇదే అన్యాయం. 'మా నాన్నకు పెళ్ళి' (1997)లో తాగుబోతుగా అదరగొట్టారని వచ్చినవాడల్లా చేతికి సీసా ఇచ్చాడు. భీమవరంలో తెలుగు లెక్చరర్‌గా చేసిన మనిషి, రచయిత. ఆయన చేత ఇంకెన్ని చేయించి ఉండొచ్చు!

బకరా బ్యాచ్
తన్నులు తినే కామెడీ వైట్లతో మొదలవలేదండి. కోట, బాబూమోహన్ జంట ఏం చేసింది మరి? 'మామగారు' (1991)కి జనం పడీ పడీ నవ్వలేదా?

ఓరుగల్లు పిల్ల
నవ్వారు. నేనూ నవ్వాను. ఇప్పుడు చూస్తే బిచ్చగాణ్ణి తన్నడం తప్ప అక్కడ ఏముందో చెప్పండి.

కృష్ణలంక
టైమింగ్ ఉందండి. ఆ ఇద్దరి మధ్య ఉన్నది దాదాపు డ్యాన్స్. ఈ విషయంలో మాత్రం నేను బకరా బ్యాచ్ వైపు.

రెండో ఆట
ఇన్ని మాట్లాడుకున్నారు, రామ్ గోపాల్ వర్మ నిర్మించిన 'మనీ' (1993) ఊసే లేదు. ఖాన్ దాదా! సినిమా పిచ్చి పట్టిన రౌడీ. బ్రహ్మానందం గారి పాత్రల్లో నాకు అదే మొదటి స్థానం. అతనికి తాను హీరోనన్న నమ్మకం ఎంత గట్టిదంటే, 'వారెవ్వా ఏమి ఫేసు' పాటలో చుట్టూ వెక్కిరిస్తున్నా అతనికి పొగడ్తలాగే వినిపిస్తుంది. గోదారిగట్టు గారు కోట గారి గురించి చెప్పినదే ఇదీ.

కొత్తవాళ్ళలో ఇలా చేయగలిగేది సత్య. 'మత్తు వదలరా' రెండు భాగాలూ చూడండి. డైలాగ్ కంటే ముందు అతని ఒళ్ళు జోక్ వేసేస్తుంది.

అమృత విలాస్
అందరూ సినిమాల మీదే పడ్డారు. 'అమృతం' లేకుండా ఈ చర్చ చెల్లదు. జెమినీలో 2001 నుంచి 2007 దాకా. గుణ్ణం గంగరాజు గారి బుర్ర, కల్యాణి మాలిక్ బాణీ, సిరివెన్నెల గారి పాట. వచ్చే కష్టాన్ని అప్పడంలా నంజుకోమన్నంత తేలిగ్గా టైటిల్ సాంగ్ రాయడం ఇంకెవరివల్ల అవుతుంది?

ఎందుకు పాతబడలేదంటే, అందులో ఎవరికీ పెద్ద కోరికలు లేవు. అద్దె కట్టాలి, హోటల్ నడవాలి, ఇంటి ఓనరు అప్పాజీ కంట పడకూడదు. అమృతరావు, అంజి అని ఇద్దరు స్నేహితులు షార్ట్‌కట్ వెతుకుతారు, ఎపిసోడ్ అయ్యేసరికి మొదటికంటే రెండింతలు మునుగుతారు. గుండు హనుమంతరావు గారి అంజి, "ఇది జరగదురా" అని ముందే తెలిసినా స్నేహితుడి వెనకే వెళ్ళే రకం. ఆ చూపు ఒక్కటి చాలు. బూతు లేదు, ఒకరి రంగు మీద, ఒళ్ళు మీద జోకు లేదు.

'జబర్దస్త్' 2013లో మొదలైనప్పుడు నేను వారం వారం చూశాను. నాటకాల్లో, మిమిక్రీ షోల్లో నలిగిన కుర్రాళ్ళకి అది అన్నం పెట్టింది, ఆ గౌరవం ఎప్పుడూ ఉంటుంది. కాకపోతే లేడీ గెటప్ వేసిన మనిషి మీద అవే వెకిలి పంచులు వారం వారం వింటుంటే మా అత్తగారే రిమోట్ తీసుకుంది. ఆవిడ ఏ చానల్ పెట్టిందో అడక్కండి, ఏడుపు సీరియల్.

ఐతే ఓకే
ఇంకా వెనక్కి వెళ్తే దూరదర్శన్‌లో 'ఆనందో బ్రహ్మ'. ధర్మవరపు సుబ్రహ్మణ్యం గారు అక్కడే మా ఇంటి మనిషి అయిపోయారు.

డల్లాస్ బాబాయ్
అమృత విలాస్ గారూ, మంచి ఐడియా ఇచ్చారు. ఒక్కో ఎపిసోడ్ చిన్నది కాబట్టి పిల్లలు పారిపోకముందే అయిపోతుంది. ఏ అమృతరావుతో మొదలుపెట్టమంటారు? శివాజీ రాజా, నరేష్, హర్షవర్ధన్, ముగ్గురున్నారు కదా.

అమృత విలాస్
హర్షవర్ధన్. ఇంకో మాటే లేదు.

రెండో ఆట
శివాజీ రాజా అండి. మొదట చూసినవాళ్ళకి ఆయనే అమృతరావు.

గోదారిగట్టు
అయిపోయింది, ఇక ఈ థ్రెడ్ వారం దాకా ఆగదు. నా ఓటు నరేష్‌కి, తిట్టేవాళ్ళు తిట్టుకోండి.