1950ల్లో ‘బాయ్‌ఫ్రెండ్’ని ఏమనేవాళ్లు?

నమస్తే అండి. 1950ల్లో జరిగే ఒక కథ రాస్తున్నాను. అందులో ఒకమ్మాయి స్నేహితురాలి చెవిలో “అతను నా...” అని ఆగుతుంది. రెండు వారాలుగా నేనూ అక్కడే ఆగిపోయాను.

‘ప్రియుడు’ అంటే పద్యం చదివినట్టుంది. ‘బాయ్‌ఫ్రెండ్’ ఆ అమ్మాయి నోట్లో అసలు పట్టదు. ‘లవర్’ అంటే మనకు ప్రేమించినవాడు, అంతే. ఇప్పటి ఇంగ్లిష్‌లో మాత్రం ఆ మాట పడకగది దాకా వెళ్లిపోతుంది. ‘మిండడు’ సరే, తిట్టే.

అన్నిటికన్నా తికమక పెట్టింది ‘సంబంధం’. “అమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం” అని గట్టిగా చెప్పుకుంటాం. “ఆ అమ్మాయికి అతనితో సంబంధం ఉందట” అనేటప్పుడు గొంతు తగ్గిస్తాం. పక్కన ‘తో’ చేరితే చాలు, పరువు పోయినట్టే! కేరళలోని మలబారులోనైతే ఒకప్పుడు నాయర్లలో పెళ్లిలాంటి బంధానికి పేరే సంబంధం. దాన్ని రిజిస్టర్ చేసుకోవడానికి 1896లో చట్టం కూడా వచ్చింది.

మీ ఇళ్లలో పెద్దవాళ్లు ఇలాంటి మనిషిని ఏమనేవాళ్లు? లేక పేరు పెట్టకుండా “మనసు పడింది”, “ఇద్దరూ ఇష్టపడ్డారు” అని సరిపెట్టేవాళ్లా? నా అనుమానమైతే అదే. ఉత్తరాంధ్ర, సీమ, తెలంగాణ మాటలు ముఖ్యంగా కావాలి. నిఘంటువులో దొరికేవి వద్దు, చెవులారా విన్నవే చెప్పండి. ఏ వైపు మాటో, ఎవరి తరం మాటో కూడా రాస్తే మేలు. వెక్కిరింపు మాటలైనా పర్వాలేదు.