స్విచ్ నొక్కితే లైటు వెలగడానికి ఇంటర్నెట్ కావాలా?

చర్చ మొదలుపెట్టిన సభ్యుడు:

అందరికీ నమస్కారం. మొన్న రాత్రి మా ఇంట్లో నెట్ పోయింది. పోతే పోయిందిలే, పడుకుందామనుకుంటే బెడ్‌రూమ్ లైటు ఆరదు. ఫోన్లో యాప్ తిరుగుతూనే ఉంది. అది స్మార్ట్ బల్బు. గోడ స్విచ్ ఎవరైనా ఆపేస్తే బల్బుకి కరెంటే అందదని, స్విచ్ మీద ఇన్సులేషన్ టేపు అంటించి ఉంచాను. చివరికి గోరుతో ఆ టేపు పీకి స్విచ్ ఆపితే గానీ పడుకోలేకపోయాం.

లైటు నాకు పదడుగుల దూరంలో ఉంది. నేను చెప్పిన మాట మాత్రం ఎక్కడో ఉన్న సర్వర్ దాకా వెళ్లి తిరిగి రావాలి. ఆ సర్వర్ ఎన్నాళ్లుంటుందో కూడా నమ్మకం లేదు. 2016లో రివాల్వ్ హబ్ అని, ఇంట్లోని స్మార్ట్ పరికరాల్ని కలిపి నడిపే పెట్టె సర్వర్లు ఆపేశారు, కొన్నవాళ్లకి పనికిరాని పెట్టె మిగిలింది. 2022 ఏప్రిల్‌లో ఇన్‌స్టియాన్ అనే స్మార్ట్ హోమ్ కంపెనీ సర్వర్లు ముందస్తు కబురు లేకుండా ఆగిపోయాయి. అందుకే క్లౌడ్, అంటే కంపెనీ సర్వర్, లేకపోతే పనిచేయని సామాను ఇంట్లోకి రానివ్వకూడదని నా వాదన. కాదనేవాళ్లు చెప్పండి.

జవాబు 1:

నేను కాదంటాను. ఇన్‌స్టియాన్ కథలో రెండో సగం కూడా చెప్పాలి కదా. ఆ తర్వాత కొందరు వాడకందారులే కలిసి దాన్ని కొని మళ్లీ నడిపించారు.

అసలు సంగతికొస్తాను. నేను కూడా రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డు మీద, ఇంటి పరికరాల్ని నడిపే హోమ్ అసిస్టెంట్ ప్రోగ్రామ్ పెట్టి, అంతా ఇంట్లోనే నడిపినవాణ్ణే. ఒకసారి పని మీద వారం రోజులు బయట ఉన్నాను. మూడో రోజు దాని మెమరీ కార్డు పాడైంది. మా అమ్మ ఫోన్ చేసి "నాయనా, వరండా లైటు తెల్లవార్లూ వెలుగుతోంది, ఏం నొక్కాలి?" అని అడుగుతుంటే నాకు నోట మాట రాలేదు. కంపెనీ మూసేస్తే ఎలా అని మీరు భయపడుతున్నారు. మీరు ఇంట్లో లేకపోతే ఎలా అని నేను అడుగుతున్నాను. ఇంట్లో ఒక్కరికే అర్థమయ్యే సిస్టమ్ కన్నా, కాస్త నెమ్మదైనా, అమ్మకి కూడా పనిచేసే యాప్ నయం.

జవాబు 2:

అన్నా, మీ మెమరీ కార్డు పాడైతే తప్పు కార్డుది. ఇంట్లోనే నడపాలన్న పద్ధతిది కాదు. హోమ్ అసిస్టెంట్ రోజంతా లాగ్‌లు రాస్తూనే ఉంటుంది, కార్డు అరిగిపోతుంది. కార్డు బదులు ఎస్‌ఎస్‌డీ డిస్కు పెట్టి, బ్యాకప్ వేరేచోట దాచుకోవాలి.

క్లౌడ్ తప్పనిసరి అన్నది టెక్నాలజీ పెట్టిన షరతు కాదు. మన పరికరాలు సందేశాలు పంపుకోడానికి వాడే ఎంక్యూటీటీ అనే పద్ధతి 1999లో చమురు పైపులైన్ల మీద నిఘా కోసం తయారైంది. ఉపగ్రహ లింకు మీద ప్రతి బైటూ ఖరీదే కాబట్టి, వీలైనంత చిన్న సందేశాలతో నడిచేలా రాశారు. ఆ సందేశాల్ని అందుకుని పంచిపెట్టే బ్రోకర్ ప్రోగ్రామ్ ఇంట్లో ఒక మూల చిన్న బోర్డు మీద హాయిగా నడుస్తుంది. 2014లో ఈఎస్‌పీ8266 అనే చవక చిప్ వచ్చాక వైఫై ఉన్న చిప్ మామూలు హాబీవాళ్ల చేతికొచ్చింది. నేను ఆ చిప్ ఉన్న ఒక స్మార్ట్ ప్లగ్ విప్పి, మెయిన్స్ నుంచి పూర్తిగా వేరు చేసి, 3.3 వోల్టుల సప్లై ఇచ్చి, కొత్త ప్రోగ్రామ్ తీసుకునేలా చిప్ జీపీఐఓ 0 పిన్నుని గ్రౌండ్‌కి కలిపి, క్లౌడ్ అక్కర్లేని టాస్మోటా ప్రోగ్రామ్ ఎక్కించాను. ఆ రోజు నుంచి దానికి బయటి ప్రపంచంతో పనే లేదు. 2022 అక్టోబర్‌లో వచ్చిన మ్యాటర్ అనే, వేర్వేరు కంపెనీల స్మార్ట్ పరికరాలకి ఉమ్మడి ప్రమాణం కూడా ఇంటి నెట్‌వర్క్‌లోనే పరికరాలు నడవాలన్న ఆలోచన మీద కట్టిందే. కంపెనీలే ఇటువైపు వస్తుంటే మనం వెనక్కి వెళ్లడం ఎందుకు?

జవాబు 3:

నేను వైరింగ్ వైపు నుంచి వచ్చినవాణ్ణి, కోడ్ తర్వాత నేర్చుకున్నాను. మీ ముగ్గురూ సర్వర్ ఎక్కడుండాలని వాదించుకుంటున్నారు. బయట ఉన్నా, ఇంట్లో ఉన్నా, గోడ మీద స్విచ్ దాన్ని అడిగి పనిచేస్తున్నంతకాలం అమ్మగారి ఇబ్బంది అలాగే ఉంటుంది.

మెట్ల దగ్గర పైనొక స్విచ్, కిందొక స్విచ్ ఉంటాయి కదా, ఏది నొక్కినా లైటు మారుతుంది. దాన్నే టూవే వైరింగ్ అంటాం. అందులో ఒక స్విచ్ బదులు రిలే, అంటే చిప్ చెబితే మారే స్విచ్, పెట్టండి. రిలేకి కామన్, ఎన్‌ఓ (మామూలుగా తెరిచి ఉండేది), ఎన్‌సీ (మామూలుగా కలిసి ఉండేది) అని మూడు కాళ్లుంటాయి, టూవే స్విచ్‌కీ మూడే. ఫేజ్ స్విచ్ కామన్‌లోకి, స్విచ్ మిగతా రెండు కాళ్ల నుంచి రెండు వైర్లు రిలే ఎన్‌ఓ, ఎన్‌సీలకి, రిలే కామన్ నుంచి లైటుకి. ఇక బోర్డు కాలిపోయినా, వైఫై పోయినా, ప్రోగ్రామ్ బిగుసుకుపోయినా, గోడ స్విచ్ తన పని తాను చేస్తుంది. స్విచ్‌ని ఈఎస్‌పీ పిన్నుకి కలిపి, దాని చేత రిలేని నొక్కించే పద్ధతి అందంగానే ఉంటుంది గానీ, అందులో చిప్ పోతే స్విచ్ కూడా పోయినట్టే.

రిలే గురించి ఒక మాట. పైన 10 ఆంపియర్లని రాసి ఉందని ధీమాగా ఉండకండి. ఎల్‌ఈడీ డ్రైవర్లు ఆన్ అయిన మొదటి క్షణంలో ఒక్కసారిగా కరెంటు లాగుతాయి. కాంటాక్టులు అతుక్కుపోయిన రిలేలు చాలానే విప్పి చూశాను. లోపల రెండు వెండి రంగు చుక్కలు ఒకదానికొకటి కరిగి పట్టుకుని ఉంటాయి.

చర్చ మొదలుపెట్టిన సభ్యుడు:

గురువు గారూ, ఇది నాకు తట్టనే లేదు. ఒక సందేహం. రిలే ఆన్‌లో ఉన్నంత మాత్రాన లైటు వెలుగుతున్నట్టు కాదు కదా? మరి యాప్‌కి ఎలా తెలుస్తుంది?

జవాబు 3:

సరైన ప్రశ్న. దానంతట దానికి తెలియదు. లైటుకి వెళ్లే వైరు మీద ఏసీకి పనికొచ్చే ఆప్టోకప్లర్ (కరెంటు ఉందో లేదో వెలుతురు ద్వారా చిప్‌కి చెప్పే భాగం) ఒకటి, తగిన రెసిస్టర్‌తో పెట్టి, దాని అవుట్‌పుట్‌ని ఈఎస్‌పీ చదివేలా చేయాలి. మెయిన్స్ వైపుకీ చిప్ వైపుకీ మధ్య ఎడం తగ్గించొద్దు.

ఇంకో లోపం కూడా చెప్పాలి. రిలే లాగి (ఆన్‌లో) ఉన్నప్పుడు కరెంటు పోయి వస్తే, అది వదిలేసిన (ఆఫ్) స్థితిలోనే మొదలవుతుంది. అర్ధరాత్రి కరెంటు రాగానే ఆర్పిన లైటు వెలగొచ్చు. కరెంటు పోయినా ఉన్న స్థితిలోనే నిలిచే లాచింగ్ రిలే వేస్తే ఆ బాధ ఉండదు, కాకపోతే దాన్ని నడిపే సర్క్యూట్ కొంచెం పెరుగుతుంది. నేను మా ఇంట్లో బెడ్‌రూమ్‌లకి అదే వేశాను.

జవాబు 1:

టూవే సంగతి ఒప్పుకున్నాను, మా అమ్మ గదికి వెంటనే చేయిస్తాను. కానీ ఇంట్లో తయారైందంతా క్షేమం అన్న మాట మాత్రం ఒప్పుకోను. 2016లో మిరాయ్ అనే బాట్‌నెట్ (దొంగచాటుగా లొంగదీసుకున్న పరికరాల దండు) కెమెరాలు, రౌటర్లలోకి దూరింది ఎలాగో గుర్తుందా? కంపెనీ పెట్టిన పాస్‌వర్డ్ ఎవరూ మార్చకపోవడం వల్ల. మనవాళ్లు ఫర్మ్‌వేర్ (చిప్‌లో నడిచే ప్రోగ్రామ్) ఎక్కించి బిగించేసిన బోర్డుల్ని మళ్లీ ఎన్నిసార్లు అప్‌డేట్ చేశారు? పైగా బయట నుంచి చూసుకోవాలని రౌటర్‌లో పోర్టు, అంటే బయటివాళ్లు లోపలికి రాగలిగే దారి, తెరిచి వదిలేసేవాళ్లు ఎంతమందో. మంచి కంపెనీ అయితే కనీసం ఆ అప్‌డేట్ల పని తనే చేసి పెడుతుంది.

జవాబు 2:

ఇది నిజంగా నా మీదకే వచ్చింది, కాదనను. నా ప్లగ్‌కి ఎక్కించిన రోజు తర్వాత ఒక్క అప్‌డేట్ కూడా పెట్టలేదు. ఈ ఆదివారం అన్నీ కూర్చుని చేస్తాను. పోర్టు మాత్రం ఎవరూ తెరవొద్దు, వైర్‌గార్డ్ లాంటి వీపీఎన్ (తాళం ఉన్న రహస్య దారి) ద్వారానే ఇంట్లోకి రండి. పరికరాలకి వేరే వైఫై పేరు ఇచ్చి, వాటికి బయటి దారి మూసేయండి. అప్పటికీ నా మాట మారదు. కంపెనీ ఆ పని చేసిపెట్టేది దానికి ఇష్టం ఉన్నన్నాళ్లే.

చర్చ మొదలుపెట్టిన సభ్యుడు:

పొద్దున ఎంసీబీ (మెయిన్ బోర్డులోని బ్రేకర్ స్విచ్) దింపి, టెస్టర్‌తో చూసుకుని, బెడ్‌రూమ్ స్విచ్ బోర్డు విప్పాను. టేపు అంటించిన చోట జిగురు ఇంకా ఉంది. లోపల చూస్తే ఫేజ్ ఒకటి, లైటుకి వెళ్లే వైరు ఒకటి, అంతే. కరెంటు తిరిగి వెళ్లే న్యూట్రల్ వైరు లేదు. ఈఎస్‌పీకి సప్లై ఎక్కణ్ణుంచి ఇవ్వాలి?

జవాబు 3:

పాత వైరింగ్‌లో చాలాచోట్ల ఇలాగే ఉంటుంది. పక్కన సాకెట్ ఉంటే దాని బోర్డులో న్యూట్రల్ ఉంటుంది, పైపులో చోటుంటే అక్కణ్ణుంచి ఒక వైరు లాగించండి. కానీ ఆ సాకెట్, ఈ లైటు ఒకే సర్క్యూట్ మీద ఉన్నాయో లేదో ముందు చూడాలి. వేరే సర్క్యూట్ న్యూట్రల్ తెచ్చి కలిపితే లీకేజీ బ్రేకర్ పడిపోతూ ఉంటుంది. పైగా ఎంసీబీ దింపేశాం కదా అని చేయి పెట్టినా ఆ వైరులో కరెంటు ఉండొచ్చు. ఎర్త్ వైరుని న్యూట్రల్‌గా వాడే ఆలోచన మాత్రం అస్సలు పెట్టుకోవద్దు తమ్ముడూ. బోర్డు ఫొటో తీసి పెట్టండి, లోతు ఎంతుందో చూసి రిలే పడుతుందో లేదో చెబుతాను.