సెలవుల్లో చదివిన నవలలు: ఇందిర తర్వాత ఇంకెవరున్నారు?

లెక్కల టీచర్, అనకాపల్లి

అందరికీ నమస్కారం. నేను హైస్కూల్లో లెక్కలు చెప్తాను. నవలలంటే ఇష్టమే కానీ, ఏడాదంతా సిలబస్సూ ఇల్లూ సరిపోతాయి. ఈ వేసవిలో స్పాట్ వాల్యుయేషన్ అయిపోగానే శాఖా గ్రంథాలయానికి వెళ్ళి, ‘ఇవి చదవకపోతే తెలుగు చదివినట్టే కాదు’ అని మా తెలుగు మాస్టారు ఎప్పుడూ చెప్పే నవలలు తెచ్చుకున్నాను. విమర్శకులు ఏం రాశారో నేను చూడలేదు. చదువుతుంటే నాకేమనిపించిందో అదే రాస్తున్నాను.

ముందు గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’. సీతారామారావు మీద వచ్చినంత కోపం నాకు ఈ మధ్య ఎవరి మీదా రాలేదు. వంశప్రతిష్ఠ అంటూ ఉన్న ఆస్తి ఊదేస్తాడు, చేతిలో పైసా లేకుండా అయ్యాక ఆ కసంతా పెళ్ళాం మీదా పిల్ల మీదా తీర్చుకుంటాడు. బుర్రలో మాత్రం ప్రపంచంలో ఉన్న సిద్ధాంతాలన్నీ తిరుగుతుంటాయి. రెండుసార్లు పుస్తకం మూసి పక్కన పడేశాను. అయినా వదల్లేకపోయాను. మనిషి లోపల లోపలే కుళ్ళిపోవడాన్ని అంత దగ్గరగా చూపించడం మాటలు కాదు. ఆ శ్మశానం ఘట్టం చదివిన రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు.

తర్వాత బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’. ఇది నెమ్మదిగా నడిచింది. కొన్ని పేజీలు రెండోసారి చదివాను, అర్థంకాక కాదు, ఆ వాక్యాలు బాగుండి. తల్లి గురించి లోకం అనుకునే మాటలు దయానిధిని ఎక్కడికి వెళ్ళినా వెంటాడుతుంటాయి. డాక్టరైనా అంతే, రాయలసీమ వెళ్ళి వజ్రం దొరికినా అంతే. లైబ్రరీ కాపీలో నాకంటే ముందు చదివినవాళ్ళెవరో కోమలి వచ్చే చోటల్లా పెన్సిలుతో గీత గీశారు. దయానిధి భార్య ఇందిర దగ్గర ఒక్క గీతా లేదు. నాకు మాత్రం ఆ అమ్మాయే గుర్తుండిపోయింది. పెళ్ళి చేసుకొచ్చారు, మొగుడి మనసు ఇంకెక్కడో ఉంది, జబ్బు చేసింది, పోయింది. నవల ఆమెను దాటుకుని ముందుకెళ్ళిపోయింది. నేను మాత్రం అక్కడే ఆగిపోయాను.

రావిశాస్త్రి ‘అల్పజీవి’ మా వైపు నవల. అందులో మాట్లాడే మనుషులు నాకు తెలిసినవాళ్ళే. సుబ్బయ్యకి బావమరిది వెంకట్రావంటే భయం, కాంట్రాక్టర్ గవరయ్యంటే భయం, ఆఫీసంటే భయం. సంతకం కోసం ఫైలు పట్టుకుని అధికారి గది బయట నిలబడి, తలుపు తోయాలా వద్దా అని చెమటలు పట్టే గుమాస్తాలని నేను చూశాను. అందుకే సుబ్బయ్య మీద కోపం రాలేదు. ఆ భయం ఎలా పుడుతుందో, ఒంట్లో ఎక్కడెక్కడ పాకుతుందో రావిశాస్త్రి రాసిన తీరుకి దణ్ణం పెట్టాలి. అయితే అప్పటికే వరసగా ముగ్గురు మగవాళ్ళు ఏ పనీ తెమల్చలేక నలిగిపోవడం చూసి నాకు ఊపిరాడలేదు.

అప్పుడు డాక్టర్ పి. శ్రీదేవి ‘కాలాతీత వ్యక్తులు’ తీశాను. ఆవిడ మా అనకాపల్లిలోనే పుట్టారని ఈ వేసవిలోనే తెలిసింది. ఇన్నేళ్ళూ ఈ ఊళ్ళో ఉండి, బళ్ళో పిల్లలకి ఆ మాట చెప్పేవాళ్ళే లేకపోవడం నాకు బాధగా ఉంది. 1957-58లో ‘తెలుగు స్వతంత్ర’ పత్రికలో వచ్చిన నవల ఇది. ఇందులోనూ ఒక ఇందిర ఉంది, పేరొకటే కానీ మనిషి వేరు. విశాఖపట్నంలో ఉద్యోగం చేసే ఇందిర, ఆమె జీతం మీద బతికే తండ్రి ఆనందరావు. మేడ మీద గదిలో మెడిసిన్ చదివే ప్రకాశం. ఇందిర తనకేం కావాలో దాచుకోదు. ప్రకాశం కావాలనుకుంది, ఆ మాట అతనికి చెప్పింది. అతను ఇంట్లోవాళ్ళకి భయపడి జారుకున్నాడు. ఇందిర ఏడ్చి మంచం పట్టలేదు. జరిగింది జరిగిందనుకుని మళ్ళీ లేచి ఆఫీసుకి వెళ్ళింది. ఆ పిల్లలో స్వార్థం ఉంది, కఠినం ఉంది, రచయిత్రి వాటిని దాచలేదు కూడా. కానీ ఆ నవల్లో ఎవరి కాళ్ళ మీద వాళ్ళు నిలబడటం అంటే ఏమిటో తెలిసిన మనిషి ఆమే.

మా అత్తగారు అద్దాలు పెట్టుకుని రెండు మధ్యాహ్నాల్లో ఈ పుస్తకం పూర్తి చేశారు. ఆవిడ వయసులో ఉన్నప్పుడు ‘చదువుకున్న అమ్మాయిలు’ సినిమా చూశారు. 1963లో వచ్చిన ఆ సినిమాకి మూలం ఈ నవలే అని చెప్తే నమ్మలేదు. చివరి పేజీ అయ్యాక పుస్తకం ఒళ్ళో పెట్టుకుని “ఆ పిల్ల సేసిన తప్పేటే? సంపాదించి తండ్రికి తిండి ఎట్టింది. ఒక మంచి మొగుడ్ని కోరుకుంది. అదీ తప్పేనా?” అన్నారు. ఆవిడ నోట ఆ మాట విని నాకెంత సంతోషమేసిందో చెప్పలేను.

అందుకని నా ప్రశ్నలు రెండు. మన గొప్ప నవలల్లో మగవాళ్ళంతా ఎందుకిలా తమలో తాము మునిగిపోయి ఉంటారు? ఇందిరలాగా, మంచో చెడో, చేతులు కదిపి ఏదో ఒకటి చేసే మనిషి ఇంకే నవల్లో దొరుకుతాడు లేదా దొరుకుతుంది? బడి తెరిచేలోపు ఇంకో రెండు చదవగలను.

పాతపుస్తకం, రాజమండ్రి

అమ్మా, మీరు రాసింది చాలా శ్రద్ధగా చదివాను. సీతారామారావు మీద మీకొచ్చిన కోపం న్యాయమైనదే. గోపీచంద్ కోరుకున్నదీ అదేనని నా నమ్మకం. ఒక్క విషయం మాత్రం మనసులో పెట్టుకుని చూడండి. గోపీచంద్ ఎవరి కొడుకు? హేతువాది, కవిరాజు త్రిపురనేని రామస్వామి చౌదరి కొడుకు. ‘ఎందుకు’ అని అడగడం నేర్పిన నాన్నకి ఆ నవలని అంకితమిచ్చాడు. తండ్రి నేర్పిన ప్రశ్న చేతిలో ఉంది, దానికి పాత జవాబులు పనికిరావు, కొత్త జవాబులు ఇంకా పుట్టలేదు. అలాంటి ఇంట్లో పెరిగినవాడు అలాంటి మనిషిని రాయడంలో ఆశ్చర్యం లేదు.

కాలం కూడా చూడండి. ‘చివరకు మిగిలేది’ 1946-47లో ‘నవోదయ’ పత్రికలో వచ్చింది, గోపీచంద్ నవలా ఆ చుట్టుపక్కలదే. ఉమ్మడి కుటుంబాలు విడిపోతున్నాయి, ఇంగ్లీషు చదువుకున్న కుర్రాడికి ఊళ్ళో పొలం పని చేతకాదు, పట్నంలో తనవాళ్ళు లేరు. ఆ కుర్రాళ్ళని నేను చూశాను, మా నాన్నగారి స్నేహితుల్లో ఇద్దరు అచ్చం అంతే. సాయంత్రం గోదారి గట్టున కూర్చుని గంటలు గంటలు మాట్లాడేవారు, ఇంటికొచ్చి ఒక్క నిర్ణయం తీసుకోలేకపోయేవారు. వాళ్ళని నవల్లోకి తెచ్చినందుకు ఆ రచయితలకి మనం రుణపడి ఉన్నాం.

దయానిధి భార్య గురించి మీరన్నది నేను ఇంతవరకూ ఆలోచించలేదు. ఈ ఆదివారం ఆ భాగం మళ్ళీ చదువుతాను. మీకు ఇంకా ఓపికుంటే నవీన్ ‘అంపశయ్య’ చదవండి. 1969 నాటిది. ఉస్మానియాలో చదివే రవి అనే కుర్రాడి ఒక్క రోజు కథ. ఇతనూ మీ లెక్కలో ‘మునిగిపోయిన’ మనిషే, కానీ పేదింటి నుంచి వచ్చి మెస్ బిల్లు గురించి దిగులుపడేవాడు. ఆలోచన ఒక్కటే కాదు, ఆకలి కూడా ఉంటుంది.

ఇందూరు పిలగాడు

టీచరమ్మా, నమస్తే. పెద్దసారు చెప్పింది మంచిగనే ఉంది గని, మీరు అడిగింది చేతులు కదిపే మనిషి గురించి కదా. మళ్ళ అంపశయ్య ఎందుకు? మీరు కేశవరెడ్డి ‘అతడు అడవిని జయించాడు’ చదవండి. శాన చిన్న పుస్తకం, ఒక్క పూటల అయిపోతది.

ఒక ముసలాయన. ఆయనకు పేరు కూడ లేదు. పందులు మేపుకుని బతుకుతడు. ఈనడానికి ఉన్న పంది ఒకటి అడవిల తప్పిపోతే, పొద్దుగూకే యాళ్ళకు దాన్ని ఎతుకుతూ పోతడు. కథ మొత్తం ఆ ఒక్క రాత్రే. పంది దొరుకుతది, కాని అప్పటికే ఈనింది. పిల్లల మీద పాణం పెట్టుకున్న తల్లి అది, పెంచినోన్ని కూడ దగ్గరికి రానియ్యదు. సుట్టూ నక్కలు. ముసలాయనకు సిద్ధాంతాలు లేవు. ఏ గాలి ఎటు నుంచి వస్తుంది, ఏ సప్పుడు దేనిది, ఏ చెట్టు ఎక్కితే ఏం కనవడతది, ఇదే ఆయన ఆలోచన. ముగింపు నేను చెప్పను. నేను బస్సుల నిలబడి చదువుతుంటే దిగాల్సిన స్టాప్ దాటిపోయింది.

కేశవరెడ్డి సారు పుట్టింది చిత్తూరు జిల్లాల, కాని బతుకంత మా దిచ్‌పల్లి కుష్ఠు ఆస్పత్రిల డాక్టరుగ చేసిండు. మా తాత ఆ ఆస్పత్రి ముందు చాయ్ హోటల్ల పని చేసినప్పుడు, ఆయన రాస్తడని అక్కడ సగం మందికి తెల్వనే తెల్వదట. 2015ల పోయిండు. సారు రాసినయి ఇంక శాన ఉన్నయి, ‘మునెమ్మ’ కూడ చదవండి. మీకు ఇందిర నచ్చింది కదా, మునెమ్మ కూడ నచ్చుతది.

ఇంకొకటి, వట్టికోట ఆళ్వారుస్వామి ‘ప్రజల మనిషి’. నైజాం పాలనల ఊరు, దొర, వెట్టి. కంఠీరవం అనే మనిషి. రాత కొంచెం పాతగ, నిదానంగ ఉంటది, కొన్ని చోట్ల ఉపన్యాసం లెక్క అనిపిస్తది, నిజమే. కాని రాసినాయన మా ఇందూరు (నిజామాబాద్) జైల్ల కవి దాశరథితోని కలిసి ఉన్నోడు. అందులోని ఊరిని ఆయన దూరం నుంచి చూసి రాయలే.

తిరుపతి నుంచి

టీచర్ గారూ, ఇందిర గురించి నాకు మీతో ఒప్పుదల లేదు. నేను ‘కాలాతీత వ్యక్తులు’ కాలేజీలో ఒకసారి, పెళ్ళయ్యాక ఒకసారి చదివాను. రెండుసార్లూ నా మనసు కల్యాణి దగ్గరే ఉంది. ఒకే ఇంట్లో ఉండి, ఆదుకునేవాళ్ళు లేని ఆ అమ్మాయి మీద ఇందిర పడ్డ అసూయ నాకు మింగుడుపడలేదు. బలంగా ఉండటం వేరు, ఎదుటివాళ్ళని తొక్కి నిలబడటం వేరు. నాలాంటివాళ్ళు హాస్టల్లో కల్యాణులే. గట్టిగా మాట్లాడే రూమ్మేట్ ఒకరుంటారు, ఆమె దయ మీద సంవత్సరం గడపాలి. అది అనుభవించినవాళ్ళకి ఇందిర మీద అంత తొందరగా ప్రేమ పుట్టదు.

అయినా శ్రీదేవి గొప్పతనం ఏమిటంటే, నాకు నచ్చని ఇందిరని కూడా నేను మరిచిపోలేను. ఆవిడ రాసింది ఈ ఒక్క నవలే, 1961లో చిన్న వయసులోనే వెళ్ళిపోయారు. రెండో నవల రాసి ఉంటే అని ఇప్పటికీ అనిపిస్తుంది.

మీ రెండో ప్రశ్నకి: సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి ‘కొండపొలం’. కరువుకాలంలో గొర్రెలకి మేతా నీళ్ళూ లేక, కాపర్లు మందల్ని తోలుకుని నల్లమల ఎక్కుతారు. వాళ్ళతో పాటు చదువుకుని ఉద్యోగం రాని కుర్రాడు ఒకడు వెళ్తాడు. మొదట్లో మీ సుబ్బయ్య కంటే భయస్తుడు. అడవిలో పులి ఉంటుంది, దొంగలుంటారు, గొర్రె కాలికి దెబ్బ తగిలితే వాడే మోయాలి. వాడు మారే తీరు నాకు చాలా నమ్మకంగా అనిపించింది. మా కడప మాట చెవిన పడుతుంటే ఇంటికెళ్ళినట్టుంది. సినిమా చూసి నవల తెలుసనుకోవద్దు, చదవాల్సిందే.

లెక్కల టీచర్, అనకాపల్లి

అందరికీ ధన్యవాదాలు. ఇందూరు తమ్ముడూ, ‘అతడు అడవిని జయించాడు’ మా లైబ్రరీలో లేదు, విశాఖ నుంచి మా ఆడపడుచు తెచ్చి ఇచ్చింది. నిన్న రాత్రి అన్నాలయ్యాక మొదలుపెట్టి పూర్తి చేసే పడుకున్నాను. తల్లిపంది ముసలాయన మీదికి వచ్చే చోట ఆయన దాన్ని ఒక్క మాట కూడా తప్పుగా అనుకోడు. అది తల్లి, దాని పని అది చేస్తోంది, తన పని తను చెయ్యాలి, అంతే. నేను వెతుకుతున్న మనిషి ఆయనే. ముగింపు నేనూ ఇక్కడ చెప్పను, కానీ ఆ పేరు పెట్టడంలో రచయిత ఉద్దేశం ఏమిటా అని పొద్దుట్నించి ఆలోచిస్తున్నాను. గెలిచాడా అంటే గెలిచాడనే నేనంటాను.

పెద్దాయన గారూ, మీ నాన్నగారి స్నేహితుల గురించి చదివాక సీతారామారావు మీద కోపం కొంచెం తగ్గింది. కానీ ఒక మాట చెప్పాలి. ఆ కాలంలో ఆ కుర్రాళ్ళకి దారి దొరకలేదు సరే, ఆ ఇళ్ళలో ఆడవాళ్ళకి మాత్రం దొరికిందా? పొయ్యి వెలిగించడం, పిల్లకి జ్వరమొస్తే కూర్చోవడం, ఇవి ‘ఎందుకు’ అని అడిగే తీరిక లేకుండానే వాళ్ళు చేశారు. వాళ్ళ వైపు నుంచి రాసిన నవల ఆ రోజుల్లోది ఏదైనా ఉంటే మీరే చెప్పాలి.

తిరుపతి అమ్మాయీ, కల్యాణి గురించి నువ్వన్నది మా అత్తగారికి చదివి వినిపించాను. ఆవిడ ఒప్పుకోలేదు, “ఇందిరకి మాత్రం ఎవరున్నారమ్మా” అన్నారు. నేను మీ ఇద్దరి మధ్యలో ఉన్నాను. హాస్టల్ సంగతి రాశావు చూడు, అది చదివాక ఇందిర కల్యాణితో మాట్లాడే చోట్లన్నీ ఇంకోసారి చూడాలనిపించింది. చూస్తాను.

‘కొండపొలం’ తెప్పిస్తున్నాను. మా బడి లైబ్రరీకి ఈ ఏడాది కొన్ని పుస్తకాలు కొనే అవకాశం ఉంది, ఆ బాధ్యత నేనే అడిగి తీసుకున్నాను. శ్రీదేవి నవల తప్పకుండా ఉంటుంది, ఈ ఊరి పిల్లలు ఆవిడ పేరు తెలుసుకోవాలి. కేశవరెడ్డిదీ కొంటాను. ‘కొండపొలం’ తొమ్మిది, పది తరగతుల పిల్లలు చదవగలరా? భాష వాళ్ళకి అందుతుందా, లేక మొదట నేను కొన్ని పేజీలు చదివి వినిపించాలా? బళ్ళో పని చేసేవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి, జూన్ మొదటి వారంలోపు జాబితా ఇచ్చేయాలి.