సమస్యాపూరణం: "మరక మరకతోడ మాసిపోయె"

నిర్వహణ:
ఈ వారం సమస్య ఆటవెలది అనే నాలుగు పాదాల పద్యంలో నాలుగో పాదం. పై మూడు పాదాలూ మీరు పూరించాలి. ఇక్కడ "మాసిపోయె" అంటే చెరిగిపోయింది అని. వస్తువు: సోఫాలు, కుషన్ల గుడ్డ మీద మొండి మరకలు. షరతు ఒక్కటే. పద్యంలోని చిట్కా ఇంట్లో నిజంగా పనిచెయ్యాలి. యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో ఇంకో అక్షరం జత కుదరడం) కుదిరి సోఫా పాడైతే ఆ పూరణ చెల్లదు.

పెరటిజామ:
ఆవకాయ నూనె యంట సోఫాపైన
పౌడ రంత చల్లి బామ్మ దులిపె
తెల్లపొడికి నూనె తీరుగా నెక్కంగ
మరక మరకతోడ మాసిపోయె

నిర్వహణ:
బామ్మ దులపడం కళ్ళకు కట్టింది. పౌ-బా యతి చక్కగా ఉంది. "తీరుగా" మాత్రం గణం (పాదంలో అక్షరాల లెక్క) నింపడానికి వచ్చి కూర్చుంది. చిట్కా సగం నిజం. స్పూను అంచుతో ముద్దను పైకి ఎత్తేసి, టాల్కం పౌడరో మొక్కజొన్న పిండో దట్టంగా చల్లి ఓ అరగంట వదిలేస్తే నూనెను పీల్చుకుంటుంది. కారం ఎరుపు, పసుపు ఛాయ మాత్రం అక్కడే ఉంటాయి. వాటికి గిన్నెలు తోమే లిక్విడ్ చుక్క కలిపిన నీళ్ళతో ఇంకో విడత పని ఉంది. కాబట్టి ఇంకా "మాసిపోలేదు" అమ్మా!

పెరటిజామ:
ఒప్పుకున్నాను మాస్టారూ. ఆ రెండో విడత బామ్మ నాకు వదిలేసింది.

పలకాబలపం:
పసుపు పడిన చోట సబ్బు రుద్దితి నేను
ఎర్ర బారె నయ్యొ యేమి సేతు
నిమ్మ చెక్క రుద్ది నీరెండ నుంచంగ
మరక మరకతోడ మాసిపోయె

నల్లేరు:
మొదటి పాదంలో యతి లేదు తమ్ముడూ. "ప"కి "స" ఎలా కుదురుతుంది? "పసుపు పడిన చోట బట్టసబ్బును రుద్ద" అంటే సరిపోతుంది.

నిర్వహణ:
సవరణ బాగుంది. భావం మాత్రం ఈ వారం వచ్చినవాటిలో నాకు బాగా నచ్చింది. పసుపులోని కర్క్యుమిన్ అనే రంగు పదార్థానికి క్షారం తగిలితే ఎర్రబడుతుంది. పసుపులో సున్నం కలిపితే పారాణి అయ్యేది అందుకే. బట్టసబ్బూ క్షారమే కాబట్టి పచ్చ మరక మీద ఎర్ర మరక తేలింది. నిమ్మ పులుపు ఆ ఎరుపును మళ్ళీ పచ్చగా తిప్పుతుంది, మిగిలిన పచ్చదనాన్ని ఎండ తినేస్తుంది. రెండు మరకలూ కలిసి పోయాయన్న పూరణ పక్కాగా నిలబడింది. ముదురు రంగు గుడ్డయితే ఎండకు గుడ్డ రంగూ వెలుస్తుంది, "నీరెండ" అనడం తెలివైన మాట. మూడో పాదంలో "రుద్ది" తీసేసి "నిమ్మ చెక్క నద్ది" అనండి. రుద్దితే మరక నేతలోకి దిగుతుంది. ఏ మరకైనా అంచు నుంచి మధ్యకు అద్దుకుంటూ రావాలి.

కాఫీగింజ:
నాకు పద్యం రాదు మాస్టారూ, ప్రశ్న ఉంది. పాప సోఫా మీద బాల్‌పెన్‌తో బొమ్మలేసింది. చుట్టాలు వస్తున్నారు, టెన్షన్‌గా ఉంది.

నల్లేరు:
దూదిని సర్జికల్ స్పిరిట్‌లో తడిపి, పిండి, అద్దమ్మా. దూది నీలంగా మారగానే పారేసి కొత్తది తీసుకో, లేకపోతే ఆ సిరానే మళ్ళీ సోఫాకి పూస్తావు. రెక్సిన్ అయితే జాగ్రత్త, స్పిరిట్‌కి మెరుపు పోవచ్చు. ఏదైనా ముందు సోఫా వెనక, కనపడని మూల కాస్త అద్ది చూడు.

టెక్సాస్ తాతయ్య:
నీళ్ళ వలయ మొకటి నిలిచిపోయిన చోట
కుట్టు మొదలు మరొక కుట్టు దనుక
సమముగాను తడిపి చల్లగాలికి నార్ప
మరక మరకతోడ మాసిపోయె

మా ఇంట్లో కాఫీ మరక పోయింది కానీ, తుడిచిన చోట నీళ్ళ అంచు గుండ్రంగా మిగిలింది. దానికి మందు నీళ్ళే. ఒక్క మాట. ఇక్కడి కుషన్ల కింద చీటీ ఉంటుంది. డబ్ల్యూ అంటే నీళ్ళతో శుభ్రం చెయ్యొచ్చు, ఎస్ అంటే నీళ్ళు లేని ద్రావకం (సాల్వెంట్) తోనే, డబ్ల్యూఎస్ అంటే రెండూ, ఎక్స్ అంటే వాక్యూమ్ తప్ప ఏదీ కూడదు. ఎస్ అని ఉంటే నా పద్యం పాటించకండి.

నిర్వహణ:
తాతయ్యగారూ, "కుట్టు మొదలు మరొక కుట్టు దనుక" అన్న పాదంలో పనంతా ఉంది. మధ్యలో తడి ఆగితే, ఆరేటప్పుడు మురికి ఆ అంచుకే చేరి గీత కడుతుంది. కుట్టు దాకా తడిపితే గీత కట్టడానికి చోటుండదు. అయితే "తడిపి" అన్నారని ఎవరూ చెంబుతో పొయ్యకండి. పిండిన స్పాంజితో పైగుడ్డ మాత్రమే తడవాలి. లోపలి ఫోమ్ తడిస్తే ఎంతకీ ఆరదు, ముక్కవాసన పట్టుకుంటుంది. వడ్రంగి చేత చేయించుకున్న మన సోఫాలకు చీటీలుండవు, వాటికి నల్లేరుగారు చెప్పిన మూల పరీక్షే గతి.

ఈ వారం తాతయ్యగారిది మొదటి పూరణ. పలకాబలపం సవరించి మళ్ళీ పెడితే దాన్నీ పక్కనే ఉంచుతాను.

వచ్చే వారానికి తేటగీతి పాదం: "వేడి నీరది మరకకు విందు చేసె." రక్తం, పాలు, గుడ్డు మరకల్లో ఏదైనా తీసుకోండి. చల్లనీళ్ళు ఎందుకు వాడాలో పద్యంలోనే తేలాలి.