అప్‌డేట్: జె-1 ట్రాన్స్‌ఫర్ అయిపోయింది, సార్ సంతకం లేకుండానే

పోయినసారి నా గోడు చెప్పుకున్నాను కదా: అమెరికాలో జె-1 (ఎక్స్ఛేంజ్ విజిటర్ వీసా) రీసెర్చ్ స్కాలర్‌ని, వేరే యూనివర్సిటీ పిలిచింది, మా ప్రొఫెసర్ మాత్రం "పేపర్ అయ్యాక చూద్దాం" అంటూ ఆరు వారాలు నాన్చారు.

తీరా చూస్తే సెవిస్‌లో (విదేశీ విద్యార్థులు, స్కాలర్ల వివరాలుండే అమెరికా ప్రభుత్వ డేటాబేస్) నా రికార్డు కొత్త యూనివర్సిటీకి వదలాల్సింది ఆయన కాదు, ఇంటర్నేషనల్ ఆఫీసులోని రెస్పాన్సిబుల్ ఆఫీసర్! ఈ ముక్క తెలియక ఆయన గుమ్మం దగ్గర పడిగాపులు కాశాను. ఆఫీసావిడ నా ఫారం తిరగేసి, "డిపార్ట్‌మెంట్‌కి తెలియజేస్తే చాలు" అన్నారు. (ఇది మా దగ్గరి పద్ధతి, మీ దగ్గర అడిగి చూసుకోండి.)

మీలో ఒకరు చెప్పినట్టే ముందుగా రిజైన్ చేయలేదు. ప్రోగ్రాం ముగిసిపోతే ట్రాన్స్‌ఫర్ ఉండదు, పైగా రీసెర్చ్ స్కాలర్‌గా మళ్ళీ రావడానికి 24 నెలల బార్ (నిషేధం). పాత డీఎస్-2019 (జె-1 ప్రోగ్రాం తేదీలుండే పత్రం) గడువు తీరకముందే తేదీలు కుదిరాయి. రీసెర్చ్ స్కాలర్‌గా ఉండగలిగే అయిదేళ్ల లెక్క మాత్రం మళ్ళీ మొదలవదు, నాకు మిగిలింది రెండేళ్లే. కొత్త చోట చేరినట్టు అక్కడి ఆఫీసు 30 రోజుల్లో సెవిస్‌లో వాలిడేట్ చేయాలి, నాది నిన్న అయింది.

సార్ నుంచి మెయిల్‌కి జవాబు లేదు. నా కాఫీ మగ్గు ఇంకా ఆ ల్యాబ్‌లోనే ఉంది.