పిల్లలకు లోపల గడ్డకట్టే మొటిమలు, పైగా సున్నితమైన చర్మం. మీరేం చేశారు?

అనంతపురం_అమ్మ:
మా అబ్బాయి ఇంటర్ చదువుతున్నాడు. దవడల వెంబడి, వీపు మీద పెద్ద మొటిమలు. లోపల గోలీల్లా గట్టిగా తగులుతాయి, ముట్టుకుంటే నొప్పి. ఒకటి మానేలోపు పక్కనే ఇంకొకటి. ఏ క్రీము రాసినా మంట, ఎర్రదనం. కాలేజీకి మాస్క్ పెట్టుకునే వెళ్తున్నాడు, ఫొటో అంటే చాలు లేచి వెళ్లిపోతాడు. చుట్టాలు తలా ఒక చిట్కా చెబుతున్నారు. నాకు చాలా టెన్షన్‌గా ఉంది. మీ అనుభవం చెప్పండి.

బురుజు_దగ్గర (కర్నూలు):
అక్కా, నాకూ టెన్త్‌లో ఇలాగే ఉండేది. ముందు చిట్కాలన్నీ ఆపించండి. నిమ్మరసం, టూత్‌పేస్ట్, నలుగు, ఏదీ వద్దు. గడ్డ చర్మం లోతులో ఉంటుంది, పైన రుద్దితే దానికేమీ కాదు, పై పొర మాత్రం దెబ్బతింటుంది. గిల్లనివ్వకండి. నొక్కితే లోపలే పగిలి పక్కకు పాకుతుంది, గుంటలు పడతాయి. నా చెంప మీద ఇప్పటికీ ఉన్నాయి. అందుకే చెబుతున్నా, గుంటలు పడకముందే చర్మం డాక్టరుకు చూపించండి.

నేను పెద్దాసుపత్రి చర్మం ఓపీలో చూపించుకున్నాను. ఐసోట్రెటినాయిన్ మాత్రలు ఇచ్చారు. ముందు రక్తపరీక్ష చేశారు, లివర్, కొవ్వులు చూడటానికి. డోసు బరువును బట్టి ఉంటుంది, నాకు తక్కువతో మొదలుపెట్టి పెంచారు. మొదటి వారాల్లో మొటిమలు ఇంకా ఎక్కువయ్యాయి. అలా అవుతుందని డాక్టరు ముందే చెప్పారు కాబట్టి ఆపలేదు. పెదవులు బాగా పగిలాయి, వ్యాజలీన్ ఎప్పుడూ జేబులోనే. భోజనం తర్వాతే వేసుకోవాలి, నూనె, నెయ్యి ఉన్న తిండితో అయితే మందు ఒంటికి బాగా పడుతుంది. మనసు దిగులుగా అనిపిస్తే వెంటనే చెప్పమన్నారు. కొన్ని నెలలు పట్టింది గానీ కొత్త గడ్డలు రావడం ఆగిపోయింది.

మందుల_షాపు (కడప):
అమ్మా, షాపులో అడిగి తెచ్చుకునే ట్యూబులతో చాలా జాగ్రత్త. బెటామెథాసోన్, క్లోబెటాసోల్ లాంటి స్టెరాయిడ్ కలిసిన క్రీములు రాస్తే నాలుగు రోజులు ముఖం నున్నగా కనిపిస్తుంది. ఆపగానే రెట్టింపు వస్తాయి, చర్మం పలచబడుతుంది. డాక్టరు చీటీ లేకుండా ఇవి అమ్మకూడదు. ఇంకో మాట. డాక్టరు డాక్సీసైక్లిన్ (యాంటీబయాటిక్) మాత్రలు రాసిస్తే నిండు గ్లాసు నీళ్లతో వేయించండి, వెంటనే పడుకోనివ్వకండి. ఆ మందు వాడేటప్పుడు ఎండకు చర్మం తొందరగా కమిలిపోతుంది. మన సీమ ఎండలు మీకు తెలిసినవే, సన్‌స్క్రీన్, టోపీ తప్పవు.

ప్రొద్దుటూరు_టీచర్:
ఆడపిల్లల తల్లులు చదువుతుంటే వారికి. మా అమ్మాయికి గడ్డం దగ్గరే వచ్చేవి, నెలసరి కూడా సరిగా ఉండేది కాదు. స్కాన్, హార్మోన్ల పరీక్షలు చేస్తే పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో వచ్చే అండాశయాల సమస్య) అని తేలింది. దానికి చికిత్స మొదలయ్యాకే ముఖం కుదుటపడింది. ఐసోట్రెటినాయిన్ వాడుతుండగా, ఆపాక ఒక నెల వరకు గర్భం రాకూడదు, బిడ్డకు తీవ్రమైన లోపాలు వస్తాయి. పెళ్లి సంబంధాలు చూస్తున్నవాళ్లు ఈ సంగతి డాక్టరుతో దాపరికం లేకుండా మాట్లాడండి.

అనంతపురం_అమ్మ:
అందరికీ చాలా థ్యాంక్స్. మొటిమలకు వాడే అడాపలీన్ జెల్ మా అబ్బాయి ఒకసారి రాశాడు, మండిందని వదిలేశాడు. జిమ్‌కు వెళ్లి ప్రొటీన్ పౌడర్ కూడా తాగుతున్నాడు, దానివల్లా? వచ్చే నెల ఇంట్లో పెళ్లి ఉంది, ముఖం మీద పెద్ద గడ్డ ఒకటి లేచింది.

బురుజు_దగ్గర (కర్నూలు):
ఆ పౌడర్ వే ప్రొటీన్ (పాల నుంచి తీసేది) అయితే, దానితో కొందరికి మొటిమలు పెరుగుతాయి, కొన్నాళ్లు ఆపించి చూడండి. అడాపలీన్ ముఖం మొత్తానికి బఠాణీ గింజంత చాలు. రాత్రి ముందు మాయిశ్చరైజర్, దాని మీద జెల్, మొదట్లో రోజు విడిచి రోజు. నాకు అలాగే మంట తగ్గింది. ఫలితం తెలియడానికి రెండు మూడు నెలలు పడుతుంది, ఈలోపు మార్చేయకండి. బెంజాయిల్ పెరాక్సైడ్ అనే మొటిమల మందు పూస్తే 2.5 శాతం ఉన్నది చాలు, తువ్వాలు మాత్రం రంగు పోతుంది.

పెళ్లికి ఆ ఒక్క గడ్డ తగ్గాలంటే చర్మం డాక్టర్లు గడ్డలోకే చిన్న స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తారు, కొద్ది రోజుల్లో అణిగిపోతుంది. మోతాదు ఎక్కువైతే అక్కడ గుంట పడుతుంది, అందుకే ఆ పని తెలిసిన డాక్టరే చేయాలి. వెళ్లేటప్పుడు ఇప్పటిదాకా రాసిన ట్యూబులన్నీ సంచిలో వేసుకెళ్లండి, ఖాళీవైనా సరే.