లంచం లేనిదే ఫైలు కదలని చోట సోషలిజం నడుస్తుందా?

నిర్మొహమాటం:
1976లో 42వ సవరణతో రాజ్యాంగ పీఠికలో ‘సామ్యవాద’ అనే మాట చేర్చారు. మా వీధిలో దానికి రూపం రేషన్ దుకాణం. అక్కడ పది కిలోలకు అరకిలో తరుగు. బియ్యమే సరిగా తూచలేని యంత్రాంగానికి పరిశ్రమలు, ఆసుపత్రులు కూడా అప్పగించమంటారా?

ఎర్రమందారం:
రేషన్ బియ్యం సంక్షేమం, సోషలిజం కాదు. సరే, మీ ఉదాహరణే తీసుకుందాం. 1983లో ఎన్టీఆర్ కిలో రెండు రూపాయలకే బియ్యం ఇచ్చాక ఎన్నో కూలి ఇళ్లలో గంజికి బదులు అన్నం ఉడికింది. అరకిలో కాజేశారు, నిజమే. మిగిలిన తొమ్మిదిన్నర కిలోల మాటేమిటి? ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకుంటామా?

డీలరు గారబ్బాయి:
తరుగు అంటే అందరూ డీలరునే తిడతారు. గోదాములో యాభై కిలోల బస్తాను గోనెసంచితో కలిపి తూచి పంపుతారు. సంచే అరకిలో పైమాట. హమాలీ ఖర్చు కూడా మా నాన్నగారిదే. ఆ లోటు ఎవరు భరించాలి?

నిర్మొహమాటం:
కార్డుదారులు భరించాలా? ఆ మాట సూటిగా చెప్పండి.

డీలరు గారబ్బాయి:
నేను అడిగింది సంచి బరువు గురించి. దానికి జవాబు చెప్పండి.

లెక్కల మాస్టారు:
ఇప్పుడు వేలిముద్ర యంత్రాలు వచ్చాయి కదా!

డీలరు గారబ్బాయి:
యంత్రం మా దుకాణంలో ఉంది మాస్టారూ. గోదాములో ఎవరి వేలిముద్ర తీసుకుంటున్నారు?

ఎర్రమందారం:
సంచి సంగతి పక్కన పెట్టండి. ప్రైవేటులో అవినీతి లేదా? 2009లో సత్యం కంప్యూటర్స్ లెక్కల్లో వేల కోట్లు లేని సొమ్ము చూపారని అధిపతే ఒప్పుకున్నారు.

నిర్మొహమాటం:
సత్యం షేరు కొనమని నన్ను ఎవరూ బలవంతపెట్టలేదు. మా నాన్న పాసుపుస్తకంలో సర్వే నంబరు తప్పుపడింది. కార్యాలయం చుట్టూ తిరిగి తిరిగి, చివరికి డబ్బు ముట్టజెప్పాకే సరిచేశారు. కాదని ఇంకో తహసీల్దారు దగ్గరికి వెళ్లగలమా? అన్నీ ప్రభుత్వం చేతికి వెళితే ప్రతి పనికీ అదే గతి. పుస్తకాలు చదివినవారికి ఆ అవమానం తెలియదు.

ఎర్రమందారం:
పుస్తకాలా? మా అమ్మను ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చి ఇల్లు తాకట్టు పెట్టాం. అక్కడ ఎవరూ లంచం అడగలేదు. పడకకు, గ్లౌజులకు, దూదికి కూడా బిల్లు వేసి రసీదు ఇచ్చారు. ఇల్లు మాత్రం పోయింది. మీకు కనిపించే దోపిడీ రసీదు లేనిది ఒక్కటే!

పల్లె పోస్టు:
ఇద్దరూ కాస్త తగ్గండి. ఉపాధి హామీ పథకం 2006లో అనంతపురం జిల్లాలోనే మొదలైంది. ఉమ్మడి రాష్ట్రంలో సామాజిక తనిఖీలు పెట్టి, గ్రామసభలో మస్టర్లు, అంటే కూలీల హాజరు పట్టీలు, పైకి చదివారు. చనిపోయినవారి పేర్లతో కూలి డబ్బు తీసుకున్నట్టు ఊరివాళ్లే పట్టించారు. తేలిన సొమ్ములో వసూలైంది కొంతే, అది వేరే సంగతి.

ఎర్రమందారం:
నేను అడుగుతున్నదీ అదే. ఆస్తి ప్రభుత్వానిదైతే చాలదు, లెక్కలు జనం ముందు పెట్టాలి.

నిర్మొహమాటం:
వేరే సంగతి కాదు, అసలు సంగతి అదే. జనం దొంగను పట్టిచ్చారు. శిక్షించే అధికారం మాత్రం ఆ దొంగ పైఅధికారి దగ్గరే ఉంది. తేలిన సొమ్మంతా ముందు కక్కించండి. ఆసుపత్రులు అప్పగించే మాట ఆ తర్వాత వింటాను.